ఎనిమిదో సాక్షి

మధ్యాహ్నం రెండున్నరకి తీర్పరి నలభై తొమ్మిది శాతం దగ్గర ఆగిపోయింది. పది నిమిషాలైనా కదలదు. కల్లంలో నాంచారమ్మ నిలబడలేక, కూర్చోలేక తిరుగుతోంది. నాలుగెకరాల మిరపకాయ ఆమె కళ్ళ ముందు ఎర్రగా ఆరబోసి ఉంది. నెత్తిన ఎండ కాస్తూనే ఉన్నా పడమట మబ్బు లేస్తోంది.

తీర్పరి అంటే కల్లం మధ్య స్తంభానికి బిగించిన చిన్న పెట్టె. ఆ రోజుల్లో వాన సంగతి చెప్పే సంస్థలు ఏడు. ఒకటి ఇరవై శాతం అంటే మరొకటి ఎనభై అనేది. ఏడింటినీ కూడి ఏడుతో భాగిస్తే వచ్చేది లెక్కే గాని వాన కాదు. అందుకని సైంటిస్టు ప్రహ్లాద్ ఈ పెట్టె తయారుచేశాడు. ఈ ఊళ్ళో ఇదివరకు ఎవరి మాట ఎన్నిసార్లు నిజమైందో కెమెరాతో, సెన్సర్లతో చూసి గుర్తుపెట్టుకుంటుంది. నిజం చెప్పినవాళ్ళ మాటకి ఎక్కువ బరువిస్తుంది. రెండేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియదన్న సామెతని ఊరివాళ్ళు సగానికి కుదించేశారు.

"కప్పమంటదా, వద్దంటదా?" అంది నాంచారమ్మ, చేతిలో ఫోను చూసుకుంటూ. తీర్పరి మాట నేరుగా వినపడేలా ఆ ఫోను పోయిన నెల ప్రహ్లాదే ఇచ్చాడు. అప్పట్నుంచీ వాన జాడ లేదు.

"ఇంకా తేల్చలేదు పెద్దమ్మా. ఎందుకైనా మంచిది, పట్టాలు కప్పేయొచ్చుగా?" అన్నాడు స్తంభం దగ్గరున్న ప్రహ్లాద్.

"ఎండలో కప్పితే ఉక్కకి బూజు పట్టదా అయ్యా? తడిస్తేనేమో రంగుపోయి తాలైపోద్ది. ఏదో ఒకటి చెప్పమను."

ప్రహ్లాద్ లాప్‌టాప్ తెరిచాడు. ఏడు సంస్థల మాటలూ వచ్చేశాయి. ఎనిమిదో వరుస మాత్రం ఖాళీగా ఉంది. 'ఎదురుచూస్తున్నాను' అని రాసుంది. ఆ వరుస అతను పెట్టింది కాదు. పెట్టె తనంతట తానే నేర్చుకుంది. దానికిచ్చిన బరువు అరవై శాతం, మిగతా ఏడింటికీ కలిపి నలభై. కింద కెమెరా తీసిన పాత ఫోటోలు. అన్నిటిలోనూ నాంచారమ్మే, పట్టా లాగుతూ. ప్రతి ఫోటో తర్వాత గంటలోపు వాన పడింది.

అతను లాప్‌టాప్ పక్కన పెట్టి ఆమె వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, ఇదివరకు వానొస్తుందని మీకెట్లా తెలిసేది?"

"గుప్పెడు కాయ తీసి చెవి దగ్గర ఊపేదాన్ని. గలగలమంటే భయం లేదు. చెమ్మ తగిలి గింజ పలక్కపోతే కప్పేదాన్ని."

"ఈ పూట ఊపారా?"

"నేనెందుకూ? నువ్వు ఫోనిచ్చావుగా."

"ఆ పెట్టె మీ కోసమే చూస్తోంది. ముందు ఊపండి."

నాంచారమ్మ వంగి గుప్పెడు కాయ తీసింది. ఊపింది. గింజ పలకలేదు. తలెత్తేసరికి మొదటి చినుకు పడింది. పట్టా మడత విప్పేలోపే వాన దబదబా దిగింది. ఇద్దరూ తడుస్తూ లాగారు. సగం కల్లమైనా దక్కలేదు. ఏడాది కష్టం మీదుగా నీళ్ళు పారుతుంటే నాంచారమ్మ ఏడ్చింది. ప్రహ్లాద్ ఆమె మొహం చూడలేకపోయాడు.

అప్పుడు ఆమె నడుముకి దోపుకున్న ఫోను మోగింది. "వాన తొంభై ఎనిమిది శాతం. వెంటనే కప్పుకోండి."

ఆమె పట్టా లాగడం కెమెరాకి కనబడింది మరి. వానా పడింది. ఎనిమిదో సాక్షి మాట మళ్ళీ నిజమైందని రాసుకుని, తీర్పరి ఆమె బరువుని అరవై నుంచి అరవై రెండుకి పెంచింది.