ఆషాఢంలో అయిపోయే పేటెంటు

"మీ మిషను పేటెంటు ఆషాఢంలో అయిపోతాది. ఆ మరుసటి దినం నుంచి నేను గూడా చేసుకుంటా. చెప్పకుండా చేస్తే బాగుండదని వచ్చినా."

బైకు దిగకముందే ఇంత మాట అనేసిన మనిషిని నందిని ఎగాదిగా చూసింది. పేరు అభిలాష్ అట. ముదిగుబ్బలో వెల్డింగ్ షాపు ఉందట. తలనిండా దుమ్ము, ముఖం నిండా ధీమా.

కళ్యాణదుర్గం చుట్టుపక్కల విత్తనానికి శెనక్కాయలు ఒలవాలంటే శ్రీరంగప్ప మిషనే. గింజ మీద ఎర్రపొర కూడా చెదరదు. దాన్ని కనిపెట్టిన శ్రీరంగప్ప నందిని నాన్న. ఇప్పుడు షెడ్డు నడిపేది మాత్రం నందినే.

"ఏమప్పా, నీకు లెక్కలు రావా? మా పేటెంటు ఇంకా ఆరేండ్లు ఉండాది."

"ఏ దినం నుంచి లెక్కేసినారు?"

"సర్టిఫికెట్ వచ్చిన దినం నుంచి."

"దరఖాస్తు వేసిన దినం నుంచి లెక్కెయ్యల్ల. ఇరవై ఏండ్లు అప్పుడే మొదలైతాయి."

"వాళ్ళు ఆలస్యంగా ఇస్తే ఆ ఏండ్లు మాకు తిరిగియ్యరా?"

"కొన్ని దేశాల్లో ఇస్తారంట. ఈడ ఒక్క దినం గూడా పొడిగించరు."

నందిని విసురుగా లోపలికి నడిచింది. గోడ మీద సర్టిఫికెట్ ఉంది. ఆ ఇంట్లో ఏ వస్తువుకైనా వయసు పూజ చేసిన రోజు నుంచే మొదలవుతుంది. బైకుకైనా, మోటారుకైనా, పేటెంటుకైనా అంతే. ఏటా ఆయుధపూజకు శ్రీరంగప్ప ఆ అద్దానికి బొట్లు పెడతాడు. పాత కుంకుమ మీద కొత్త కుంకుమ పడి కింది అక్షరాలు ఎప్పుడో మూసుకుపోయాయి.

చున్నీ తడిపి తుడిచింది. దరఖాస్తు తేదీ కనబడింది. ఇరవై ఏళ్ళు ఆ రోజు నుంచేనని పక్కనే ఉంది.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గుమ్మంలో నిలబడ్డ అభిలాష్ నవ్వలేదు. రోడ్డు మీద పోయే ఆటో వైపు చూస్తూ ఉండిపోయాడు. నవ్వి ఉంటే కనీసం తిట్టడానికైనా వీలుండేది. అందుకు నందినికి మరింత మండింది.

సాయంత్రం విషయం విని శ్రీరంగప్ప తుడిచిన అద్దం ముందుకు వెళ్ళి ఆ తేదీ చదువుకున్నాడు.

"అందరూ చేసే మిషను మనమెందుకు చేయల్ల పాపా? షెడ్డు గోడౌనుకు బాడిగకిచ్చేద్దాం. ఒకాయన అడుగుతానే ఉండాడు."

"ఇయ్యొద్దు నాయనా. నేను చూసుకుంటా."

బెంగళూరులో ఉండే పేటెంటు లాయరుకు ఫోన్ చేసింది. పాతదాన్ని పొడిగించే దారి లేదని ఆవిడ తేల్చేసింది. నిజంగా కొత్తది ఏదైనా కనిపెడితే, ఆ కొత్తదానికి వేరే పేటెంటు, వేరే ఇరవై ఏళ్ళు. దరఖాస్తు పడేదాకా మాత్రం ఎవరి కంటా పడనీయకూడదు.

కొత్తది అంటే ఏం కనిపెట్టాలి?

జవాబు మరుసటి వారం బైకు మీద వచ్చింది. అభిలాష్ ఒక మూట దించాడు. పోయినేడు వానల్లేక బక్కచిక్కిన శెనక్కాయలు.

"ఇవి మీ మిషన్లో ఒలవకుండానే కింద పడిపోతాండాయి. కాయను నలిపే జల్లెడ దగ్గరికి బిగిస్తే పెద్ద గింజలు పగులుతాయి. రేపు నేను చేసినా ఇదే కత."

"ఈ సంగతి నాకెందుకు చెప్తాండావ్?"

"దీన్ని సరిచేసేది నాకు తెలిసుంటే నేనే చేసుకునేటోణ్ణి. తెలీలేదు. నీకైతే తెలుస్తాదనిపించింది."

ఇంత ముక్కుసూటి మనిషిని నందిని ఎక్కడా చూడలేదు.

"సరే, కూర్చో. మొగం మాత్రం ఆ పక్కకు తిప్పుకో."

ఎండాకాలమంతా అలాగే గడిచింది. అభిలాష్ వారం వారం కొత్త మూట తేవడం, షెడ్డు బయట రేకు డబ్బా మీద వీపు ఇటు పెట్టి కూర్చోవడం. లోపల నందిని మిషను తిప్పడం.

"పగుల్తాండాది!" అని బయటినుంచి అరిచేవాడు, చప్పుడు విని.

"నాకు వినబడదా ఏమి? నోరుమూసుకోని కూర్చో!"

"నోరు మూసుకుంటే చెప్పేదెట్లా?"

అతను రాని వారం నందినికి చేయి పనిమీద నిలవలేదు. అది ప్రేమేనని ఆమెకు తెలుసు. పని పూర్తయ్యేదాకా పైకి చెప్పకూడదని కూడా తనే అనుకుంది.

జల్లెడను స్ప్రింగుల మీద వేలాడదీసింది. కాయ లావైతే అది దిగుతుంది, సన్నదైతే లేస్తుంది. ఆ రోజు బయటినుంచి అరుపు రాలేదు. "ఏమైంది? పగల్లేదే!" అన్న గొంతు మాత్రం వచ్చింది. నందిని ఆ వారమే దరఖాస్తు వేసింది.

ఆషాఢం వచ్చింది. పాత పేటెంటు అయిపోయింది. ఊళ్ళో ఇద్దరు అప్పుడే పాత మిషను చేయడం మొదలుపెట్టారు. ఒక మధ్యాహ్నం, ఇన్నాళ్ళూ ఊరించిన వాన ఒక్కసారిగా కుమ్మేసింది. దాంతోపాటు నిలువునా తడిసి అభిలాష్ వచ్చాడు. అలవాటు కొద్దీ వీపు తిప్పి నిలబడ్డాడు.

"నువ్వింకా మొదలుపెట్టలేదంటనే?"

"పాతది నాకొద్దు. కొత్తది చేయల్ల. దానికి నీ పర్మిషన్ కావల్ల గదా, అడగను వచ్చినా."

"దరఖాస్తు వేసేసినా. ఇట్ల తిరుగు. చూడు."

అభిలాష్ తిరిగాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక్కో స్ప్రింగునూ నొక్కి చూశాడు. జల్లెడ కింద తల పెట్టి చూశాడు. నందిని ఓపిక అయిపోయింది.

"ఎంతసేపప్పా మిషన్నే చూస్తావ్?"

"నిన్ను ఎండాకాలమంతా చూసినా, వచ్చేటప్పుడు, పోయేటప్పుడు. దీన్ని ఇప్పుడే గదా చూడనిచ్చినావ్."

నందిని నవ్వేసింది. దాచుకోవడం ఇక చాలనిపించింది.

"పర్మిషనిస్తా. ముదిగుబ్బలో కాదు. ఈడనే, నా పక్కన చేయల్ల. నువ్వంటే నాకిష్టం. నీకెట్లుండాది?"

"ఇష్టం ల్యాకపోతే అరవై మైళ్ళ అవతలినుంచి మూటలు మోస్తారా ఎవరన్నా?"

గుమ్మంలో దగ్గు వినబడింది. శ్రీరంగప్ప గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో తెలీదు. వెనకాల రోడ్డు మీద కారు ఆగి ఉంది.

"పాపా, షెడ్డు బాడిగకు అడిగినాయన వచ్చినాడు. ఏం చెప్పల్ల?"

"ఇయ్యడం లేదని చెప్పు నాయనా."

ఆయన కూతుర్ని చూశాడు. గ్రీజు చేతులతో లేచి నిలబడ్డ అభిలాష్‌ను చూశాడు. తర్వాత రోడ్డు వైపు తిరిగి, ఆ వానలో వినబడేలా గట్టిగా అరిచాడు.

"షెడ్డు ఇయ్యంలేప్పా! మా అల్లుడు పనిలో దిగినాడు!"