పొగ లేని చోటి కొలత

ఊరి నడుమ షమీమ్ గాజు గోళాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, ఎండ తీవ్రత కొలిచే కిరణమాపకాన్ని మూడుకాళ్ల స్టాండుకు బిగించింది. మిట్టమధ్యాహ్నం. ఊరి బయట నాలుగు చదునుయంత్రాలు గుర్రుమంటూ ఆమె పంపే అంకె కోసం ఎదురుచూస్తున్నాయి. ఎండ అంకె ఏడు దాటితే చాలు, వాటికి డ్రైవరు అక్కర్లేదు. కొలిచిన చోటు చుట్టూ అరకిలోమీటరు మేర ఇల్లున్నా, మనిషున్నా నలిపేసి సౌర ఫలకాలకు నేల సిద్ధం చేస్తాయి.

"అంకె పడ్డాక దేవుడొచ్చినా ఆపలేడు," అన్నాడు నేలలు ఖాళీ చేయించే తుపాకీ దళానికి దళపతి రుద్రప్ప, తుపాకీ గొట్టంతో వీపు గోక్కుంటూ.

ఇళ్ల మధ్య నుంచి నల్లటి పొగ లేచి సూర్యుణ్ణి కమ్మేసింది. ఊరివాడు ఓబులేసు పాత టైర్లు, పచ్చి వేపకొమ్మలు మంటలోకి తోస్తున్నాడు.

"ఏమప్పా, ఎండకే మూతేస్తాండావా?" రుద్రప్ప నవ్వి కాల్చాడు.

ఓబులేసు మంటలోకే కూలాడు. తల్లి హంపమ్మ కాళ్లు పట్టి బయటికి లాగింది. కొడుకు కదల్లేదు. ఆమె ఏడవలేదు. ఇంకో టైరు దొర్లించుకొచ్చి మంటలో వేసింది.

"కాల్చు నాయనా. ఊర్లో ఇంగా నూరుమందిమి ఉండాం. టైర్లూ ఉండాయి."

కిరణమాపకం తెరమీద 6.8 దగ్గర అంకె ఆగింది.

రుద్రప్ప షమీమ్ జడ పట్టి వెనక్కి గుంజాడు. "రెండు కిలోమీటర్ల అవతల గుట్టమీద మా శిబిరం కాడ పొగ లేదు. మేడెక్కి కొలువు. చోటు గడిలో మాత్రం శిబిరం పేరు తీసి ఈ ఊరి పేరు రాయి. లేదంటే ఆ మంటలో వాని పక్కనే పడుకుంటావు."

శిబిరంలో వంటవాడొక్కడే ఉన్నాడు. దళమంతా కిందే ఉంది. మేడమీద ఆకాశం కడిగినట్టుంది. 7.4. చోటు గడిలో ఆమె వేలు క్షణం ఆగింది. ఏమీ మార్చలేదు. పంపేసింది.

"అన్నా, పొయ్యి వదిలేసి పరిగెత్తు!"

యంత్రాలు ఊరివైపు వీపు తిప్పి గుట్ట ఎక్కాయి. ప్రహరీ కూలింది. మందుగుండు గది పేలి, పైకప్పు ముక్కలై లేచింది. దళం రుద్రప్పను ఊర్లోనే వదిలేసి శిబిరంవైపు పరుగు తీసింది. అరకిలోమీటరు దాటి రాళ్ల చాటున బోర్లా పడుకున్న షమీమ్ చేతిలోని వైర్‌లెస్‌లో రుద్రప్ప అరిచాడు.

"ఆపవే! ఏం రాసినావు?"

"ఎక్కడ కొలిచానో అదే రాశాను సార్. అంకె పడ్డాక ఎవరూ ఆపలేరన్నారు కదా."

వైర్‌లెస్‌లో తుపాకీ మూడుసార్లు మోగింది. నాలుగోసారి ఉత్త క్లిక్. నూరుమంది అడుగుల చప్పుడు దగ్గరైంది. రుద్రప్ప కేక సగంలో తెగింది.

కాసేపటికి హంపమ్మ గొంతు, రొప్పుతూ.

"ఏమ్మా, ఇంగ మంట ఆర్పేదా?"