అడుగు కనబడిన రోజు

ఆ ఇంట్లో పొద్దున్న ఆరున్నరకల్లా మూడు చప్పుళ్లు వినబడాలి. వినబడకపోతే పక్కింటివాళ్లు తలుపు తట్టి "అందరూ బాగానే ఉన్నారా?" అని అడుగుతారు. ఒకటి, కోడలి కుట్టుమిషను. రెండు, అత్తగారు గచ్చు మీద బరబరా రుద్దే బ్రష్షు. మూడు, "నా బెల్టు ఎక్కడ పెట్టి చచ్చారు?" అని కొడుకు వేసే కేక. కొడుకు సిటీబస్సు డ్రైవరు. నలభై ఏళ్లొచ్చినా రోజూ బెల్టు పోగొట్టుకుంటాడు, రోజూ అది ఆ కొక్కేనికే వేలాడుతూ దొరుకుతుంది.

ఆ రోజు బ్రష్షు చప్పుడు లేదు. కోడలు గమనించలేదు. గమనించే స్థితిలో ఉంటే కదా! పదకొండు గంటలకు గ్రాంటు ఆఫీసు మేడమ్ వస్తుంది. రెండేళ్ల చాకిరీ ఆవిడ రాసే ఒక్క కాగితం మీద తేలిపోతుంది.

"ప్రెసిడెంటు గారూ, ఇవాళ మాకు టిఫిను దొరుకుతుందా, లేక చేపలకేనా?" అన్నాడు భర్త, బెల్టు బిగించుకుంటూ.

"చేపలు మీలాగా అరవవు. అందుకే వాటికి ముందు," అంది కోడలు. కొలతల పుస్తకం చంకలో పెట్టుకుని, కర్ర పట్టుకుని వీధి చివరికి బయలుదేరింది.

వీధి చివర ఒక గుంట ఉంది. ఎప్పుడో ఇటుకబట్టీవాళ్లు మట్టి తవ్వుకుని వదిలేసిపోయిన గొయ్యి. పెద్దదేం కాదు, నాలుగు ఇళ్లు కట్టొచ్చు అందులో. వానకు నిండేది, ఎండకు కంపు కొట్టేది, మిగతా కాలమంతా వీధి చెత్త మోసేది. రెండేళ్ల కింద మున్సిపాలిటీవాళ్లు దాన్ని మట్టితో పూడ్చి బండ్లు పెట్టుకోవడానికి ఇస్తామన్నారు. సరిగ్గా ఆ వారమే, ఎవరో కుట్టడానికి ఇచ్చిన బట్ట చుట్టిన పాత పేపర్లో కోడలికి ఒక ప్రకటన కనబడింది. వీధివాళ్లు కలిసి చేసుకునే పర్యావరణ పనులకు చిన్న చిన్న గ్రాంట్లు ఇస్తారట. ఎనిమిదో తరగతితో చదువాపేసిన మనిషి. దరఖాస్తు ఏడుసార్లు రాసి, ఏడుసార్లు చించి, ఎనిమిదోసారి పంపింది. వచ్చింది!

ఆ సొమ్ముతో పదకొండు లారీల చెత్త ఎత్తించారు. చుట్టూ కంచె వేశారు, ఒడ్డున తుంగ నాటారు, చేపపిల్లల్ని వదిలారు. వీధిలో పిల్లా పెద్దా అందరూ చెయ్యి వేశారు. ఇవాళ మేడమ్ వచ్చి, ఈ నీళ్లలో ప్రాణం ఉందని రాస్తే గుంట రక్షణ జాబితాలోకి ఎక్కుతుంది. ఇక ఎవడూ పూడ్చలేడు. లేదని రాస్తే, మట్టి లారీలు సందు మొదట్లోనే సిద్ధంగా ఉన్నాయి.

రోజూ ఏడింటికి కోడలు నీళ్లను కొలుస్తుంది. రంగు డబ్బా మూతకు తెల్లరంగు పూసి కర్ర చివర బిగించింది. దాన్ని నీళ్లలోకి దించాలి. తెల్లమూత ఎక్కడ కనబడకుండా పోతే అక్కడికి కర్ర మీద జానలు లెక్కపెట్టి పుస్తకంలో రాయాలి. రెండు జానల దగ్గర మాయమవుతుంది రోజూ. నీళ్లలో సన్నటి పచ్చనాచు ఉంటుంది మరి, చేపపిల్లల తిండి అదే.

మూత దించింది. రెండు జానలు. కనబడుతోంది. మూడు. కనబడుతోంది. నాలుగు, ఐదు. ఠక్కుమని అడుగు తగిలింది. మూత తళతళా మెరుస్తోంది. పక్కనే పగిలిన ఇటుకముక్క కూడా కనబడుతోంది.

"అబ్బ, ఎంత తేటగా ఉన్నాయో!" అనుకుంది ఒక్క క్షణం. ఆ ఒక్క క్షణం సంబరాన్ని ఆవిడ తర్వాత చాలాకాలం తనలో తాను క్షమించుకోలేకపోయింది.

తల ఎత్తేసరికి తుంగ పక్కన తెల్లగా ఏవో తేలుతున్నాయి. మల్లెపూలేమో అనుకుంది. కాదు. పొట్టలు. చేపల పొట్టలు. పదులు కాదు, వందలు. ఒడ్డంతా తెల్లగా పరుచుకుని ఉన్నాయి. అప్పుడు తగిలింది ముక్కుకు, కళ్లు మండించే ఘాటువాసన.

కర్ర చేతిలోంచి జారి నీళ్లలో పడింది. కంచె మీద రోజూ కూర్చునే లకుముకిపిట్ట ఇవాళా కూర్చుంది, కానీ దూకడం లేదు.

ఎలా అరిచిందో ఏమో, పావుగంటలో వీధి వీధంతా కంచె దగ్గరుంది. ఆడవాళ్లు నోటికి చేతులడ్డం పెట్టుకున్నారు. భర్త డ్యూటీకి వెళ్లబోతున్నవాడు వెనక్కి పరుగెత్తుకొచ్చి, చూసి, కంచె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అప్పుడు కనబడ్డాడు కార్లాయన. నాలుగు కార్లు అద్దెకు తిప్పుకునే మనిషి. గుంట పూడిస్తే కార్లు పెట్టుకోవచ్చని మొదటినుంచీ ఒకటే గొడవ. కోడలు ఒంటికాలి మీద లేచింది.

"కసి తీరిందా? కార్లు పెట్టుకో, పో! నీ కడుపు చల్లగా ఉందా?"

కార్లాయన బిత్తరపోయాడు. "నేనా? అమ్మా, రెండు రోజులుగా ఊళ్లో లేను. ఇప్పుడే దిగాను, సంచీ చూడు!"

"నువ్వు కాకపోతే నీ మనిషి! బ్లీచింగ్ పోశారు, వాసన తెలియడం లేదా? నోరులేని జీవాలను చంపడానికి మనసెలా వచ్చింది? ఈ పని చేసినవాళ్ల చేతులు పడిపోను!"

ఆ మాట అందరి ముందూ, గొంతు పగిలేలా అంది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి అత్తగారి గొంతు వినబడింది.

"చూశావా అమ్మాయ్? ఎంత తెల్లగా వచ్చాయో నీళ్లు! నేనే."

అందరూ తిరిగారు. అత్తగారు టీ ఫ్లాస్కు చంకలో ఇరికించుకుని నిలబడి ఉంది. ముఖమంతా నవ్వు. ఫ్లాస్కు చేత్తో పట్టుకోకుండా చంకలో ఎందుకు ఇరికించుకుందో ఎవరికీ తట్టలేదు. రెండు చేతులకీ పాతగుడ్డలు చుట్టి ఉన్నాయి.

"ఏంటమ్మా, నువ్వా?" అన్నాడు కొడుకు.

"నిన్న సాయంత్రం, చీకటి పడ్డాక. ఇది ఫొటోలు తెచ్చుకోవడానికి టౌనుకెళ్లింది కదా. రెండు బస్తాలు. నా పెన్షన్‌తోనే కొన్నాను, ఎవరి పైసా కాదు. బకెట్టు బకెట్టు కలిపి చుట్టూ తిరిగి పోశా. ఒక్క మూల వదల్లేదు." అత్తగారు కంచె దగ్గరకొచ్చింది. "పచ్చగా, జిడ్డుగా ఎలా ఉండేవి! ఇప్పుడు చూడు, అడుగు..."

మాట ఆగిపోయింది. చేపలు కనబడ్డాయి.

ఫ్లాస్కు కింద పడి భళ్లున పగిలింది. ఎవరూ దాన్ని చూడలేదు.

ఇంటికెలా వచ్చారో ముగ్గురికీ తెలీదు. భర్త తలుపు దగ్గరకు వేశాడు. కోడలు మిషను ముందు స్టూలు మీద కూలబడింది. అత్తగారు గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. తను రోజూ రుద్దే గచ్చు.

"నేనేం పాపం చేశాను మీకు?" అంది కోడలు. అరవలేదు. అరిచినా బాగుండేది. "ఈ ఇంటికొచ్చిన పదకొండేళ్లలో ఒక్క పని నాదంటూ చేసుకున్నాను. దాన్నే చంపారు. పచ్చనీళ్లకి ప్రైజిస్తారా అని రెండేళ్లుగా నవ్వారు, నవ్వుకోండి అనుకున్నా. ఇంత కక్ష ఉందని తెలీదు."

"కక్షేంటే..."

"మరెందుకు? గేటు దగ్గర బోర్డు పెట్టానుగా! ఇంతింత అక్షరాలతో రాశానుగా, నీళ్లలో ఏ మందూ వేయరాదని! రోజూ దాని ముందునుంచే నడుస్తారుగా!"

అత్తగారు తల ఎత్తింది. "నాకు చదువొచ్చా అమ్మాయ్?"

కోడలికి తెలీని విషయం కాదది. పెన్షన్ కాగితం మీద అత్తగారు వేలిముద్ర వేస్తుంటే పక్కన నిలబడి చూసింది. తెలుసు. కానీ ఎప్పుడూ తలుచుకోలేదు. వీధిలో ప్రతి ఇంటికీ వెళ్లి, నాచు ఎందుకు, తుంగ ఎందుకు, చేపలు ఏం తింటాయి అని పాఠం చెప్పొచ్చింది. పిల్లలకు బొమ్మలు గీసి చూపించింది. తన ఇంట్లో మనిషికి మాత్రం చెప్పలేదు. ఆవిడకెందుకులే ఇవన్నీ అనుకుంది.

"ఆస్పత్రిలో ఇరవై ఎనిమిదేళ్లు ఊడ్చాను," అంది అత్తగారు, చేతులకేసి చూసుకుంటూ. వీధిలో ఆవిడ వెనక ఫినాయిలమ్మ అని ఎందుకంటారో ఆవిడకీ తెలుసు. "ఇన్‌స్పెక్షన్ అంటే ముందురోజు బ్లీచింగ్. అదే నాకు తెలుసు. ఒకసారి నాకు జ్వరమొచ్చి కొట్టలేదు. మర్నాడు పెద్దాఫీసరొచ్చి, వాసనొస్తోందని వార్డు మధ్యలో నన్ను నిలబెట్టాడు. రోగులందరి ముందూ. గంటసేపు. వీడు అప్పుడు ఎనిమిదేళ్లవాడు. అన్నం తెచ్చాడు నాకు, గుమ్మంలో నిలబడి చూశాడు."

భర్త ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఇవాళ నీకు ఇన్‌స్పెక్షన్ అన్నావు. నీళ్లేమో పచ్చగా, నాచుతో... నిన్ను కూడా అలా నిలబెడతారేమోనని రెండు రోజులుగా నాకు నిద్రలేదు. చేపలు చస్తాయని తెలీదమ్మా. నా తల్లి మీద ఒట్టు. తెలిస్తే చేస్తానా?"

కోడలు లేచి వెళ్లి అత్తగారి చేతుల గుడ్డ విప్పింది. లోపల అరచేతులు ఉడికినట్టు ఎర్రగా పొక్కి, వేళ్ల సందుల్లో తోలు ఊడివస్తోంది. చేతులు పడిపోను! వీధి వీధంతా వినేలా తను అన్న మాట. అది ఎవరికి తగిలిందో చూసి ఆవిడ నిలువునా నీరైపోయింది. ఆ చేతులను తన ఒళ్లో పెట్టుకుని భోరుమంది.

"ఏడవకే. నీకే మంట పెరుగుతుంది," అంది అత్తగారు, మంట తనదైనా.

పదిన్నరకు భర్త మెల్లగా అన్నాడు. "మేడమ్ వస్తుంది. ఎవరో గిట్టనివాళ్లు చేశారని చెబుదాం. అమ్మ పేరెందుకు? కార్లాయన పేరూ వద్దు. ఎవరో అంతే."

కోడలు ఆలోచించింది. ఎవరో అంటే మేడమ్ నమ్మొచ్చు, జాలి పడొచ్చు, జాబితాలోకి కూడా ఎక్కించొచ్చు. నిజం చెబితే అత్తగారిని మళ్లీ అందరి మధ్యా నిలబెట్టినట్టు.

"ముందు కార్లాయనకు క్షమాపణ చెప్పొస్తాను," అని మాత్రం అని బయటికి నడిచింది.

మేడమ్ పదకొండుకు వచ్చింది. నడివయసు మనిషి, భుజాన సంచీ, కాళ్లకు మట్టిబూట్లు. గుంట చూసి సంచీ కింద పెట్టేసింది.

"ఎవరు చేశారిది?"

వీధంతా కోడలికేసి చూసింది. కోడలు తల ఎత్తింది. "మేమే మేడమ్. నా తప్పు. అందరికీ చెప్పి, ఇంట్లో..."

"దాని తప్పేం లేదమ్మా. నేను." అత్తగారు జనంలోంచి ముందుకొచ్చి, గుడ్డ చుట్టిన చేతులు కట్టుకుని, తల దించుకుని మధ్యలో నిలబడింది. ఎలా నిలబడాలో ఆ ఒంటికి ముప్పై ఏళ్లుగా గుర్తుంది.

కొడుకు కంచె దగ్గరనుంచి కదిలి వెళ్లి తల్లి పక్కన నిలబడ్డాడు. ఎనిమిదేళ్లప్పుడు గుమ్మం దాటలేకపోయినవాడు. కోడలు రెండో పక్కన నిలబడింది. ఆ తర్వాత, ఎవరూ ఊహించనిది, తిట్లు తిన్న కార్లాయన గొంతు సవరించుకుని, "మేడమ్, మా వీధి మీద ఒకటే తప్పు రాసుకోండి. విడివిడిగా వద్దు," అన్నాడు.

మేడమ్ అత్తగారి చేతులు చూసింది. "ముందు ఈవిడను ఆస్పత్రికి తీసుకెళ్లండి," అంది. కాగితం మీద మాత్రం ఉన్నదే రాసింది: నీళ్లలో ప్రాణం లేదు. కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. మేడమ్ కింద ఇంకో ముక్క కలిపింది: పొరపాటు ఒప్పుకున్నారు, మూడు నెలల గడువు, మళ్లీ వస్తాను. "అప్పటిదాకా మట్టి లారీ ఒక్కటి లోపలికి రాదు. ఆ మాట నాది. వాసన పోయేదాకా ఎండకు వదిలేయండి. వాన పడనివ్వండి. రోజూ కొలవండి."

ఆ రోజునుంచి కొలిచేది అత్తగారే. చేతుల కట్లు విప్పిన మర్నాడే కర్ర లాక్కుంది. తను మూత దించుతుంది, జానలు చెబుతుంది, కోడలు రాస్తుంది. ఐదు జానలు. ఐదు. ఐదు. నెల గడిచినా అడుగే. రోజూ తేట నీళ్లు చూసి ముసలామె ముఖం వాడిపోయేది. తేటగా ఉంటే లోపల ఏమీ బతికిలేదని ఇప్పుడు ఆవిడకు తెలుసు.

రెండు వానలు పడ్డాయి. నలభై మూడో రోజు పొద్దున్న కోడలు మిషను ముందు కూర్చుని ఉండగా సందులోంచి కేక వినబడింది. ఏమైందోనని పరుగెత్తింది. వెనకాలే బెల్టు పెట్టుకోని డ్రైవరు, ప్యాంటు పట్టుకుని.

అత్తగారు కంచె దగ్గర కర్ర పట్టుకుని గంతులేస్తోంది. కళ్లలోంచి ధారగా నీళ్లు.

"అమ్మాయ్, కనబడటం లేదే! నాలుగో జానకే మూత మాయం! పచ్చబడుతున్నాయే నీళ్లు! మురికి పట్టిందే తల్లీ, మురికి!"

జీవితమంతా మురికితో పోరాడిన మనిషి ఆ మాట అని, కోడలి భుజం మీద తల పెట్టి చిన్నపిల్లలా ఏడ్చేసింది. కోడలు ఆ పొలుసు కట్టిన చేతులను రెండు కళ్లకీ అద్దుకుంది. తర్వాత పుస్తకం తెరిచి, పెన్ను అత్తగారి వేళ్ల మధ్య పెట్టి, తన చెయ్యి పైన వేసింది. ఆ రోజు అంకె ఇద్దరూ కలిసి రాశారు. నాలుగు.