విమానంలో చున్నీ ముడి

"అక్కా, ఎత్తుకో!"

విమానం ఇంకా కదలనే లేదు. రుత్విక్ అప్పుడే ముళ్ల మీద కూర్చున్నట్టు మెలికలు తిరుగుతున్నాడు. వాడికి రెండున్నరేళ్లు. నడుముకి బెల్టు పెట్టి కూర్చోబెట్టడం వాడికి బొత్తిగా నచ్చలేదు.

"కొద్దిసేపు కూసో రా తమ్మీ," అంది సహస్ర.

"కూసోను. ఎత్తుకో!"

సహస్రకి పదేళ్లు. గోదావరిఖనిలో వాళ్లుండే కాలనీలో ఆమె పేరు తెలియనివాళ్లు ఉంటారేమో గానీ, ఆమెను గుర్తుపట్టనివాళ్లు లేరు. చంకలో తమ్ముడు లేకుండా ఆమె బయట కనిపిస్తే గదా! పాల దుకాణానికైనా, ఆటకైనా వాడు వెంట ఉండాల్సిందే. "ఓ పిల్లా, మీ తమ్మునికి కాళ్లు లెవ్వా?" అని అందరూ ఆటపట్టిస్తారు. సహస్ర నవ్వి ఊరుకుంటుంది. వాడు ఏడిస్తే మాత్రం ఆమె ఓర్చుకోలేదు. అడిగింది ఇచ్చేస్తుంది.

వాళ్ల బాపు నర్సింగం బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ఈ సెలవుల్లో ఇంటిల్లిపాదినీ ఢిల్లీకి, అక్కణ్నుంచి తాజ్‌మహల్‌కి తీసుకుపోతున్నాడు. ఆయనతో ఒకే షిఫ్టులో పనిచేసే ఇస్హాక్ కాక, ఆయన భార్య నుస్రత్ బేగం కూడా వస్తున్నారు. విమానం ఎక్కడం అందరికీ ఇదే మొదటిసారి.

కిటికీ సీటు కోసం సహస్ర వారం రోజులుగా కలలు కంది. తీరా ఎక్కాక అమ్మ సంధ్యారాణి అందులో కూర్చుంది. బయటికి చూస్తుంటే వాంతి రాదని ఎవరో చెప్పారట. కూర్చున్న మరుక్షణం కళ్లు గట్టిగా మూసుకుంది! సహస్రకి ఒళ్లు మండింది. కానీ అమ్మతో గొడవెందుకని నడవ పక్క సీటులో కూర్చుంది. తమ్ముడు ఇద్దరి మధ్యలో. నడవకి అవతలి సీటులో నుస్రత్ చాచి. బాపు, ఇస్హాక్ కాక రెండు వరుసల వెనక. విమానం ఎక్కినా వాళ్లవి డ్యూటీ ముచ్చట్లే.

ఒక ఎయిర్ హోస్టెస్ వచ్చి వంగి చూసింది. ఆమె కోటు మీద దీప అని రాసి ఉంది. రుత్విక్ బెల్టు వదులుగా ఉందని పట్టీ లాగి బిగించింది.

"ఇలా నడుముకి ఆనుకుని ఉండాలమ్మా. కూర్చున్నంతసేపూ తియ్యకండి. ఆ పైన లైటు వెలిగితే అసలే తియ్యకూడదు," అంది.

"సరే మేడం," అంది అమ్మ కళ్లు తెరవకుండానే.

విమానం లేచింది. రుత్విక్ ఏడుపు మొదలుపెట్టబోయి, చేతిలో బిస్కెట్ పడగానే మానేశాడు. రెండో బిస్కెట్ సగం తినేలోపే నిద్రపోయాడు. అమ్మకీ ప్రాణం కుదుటపడింది. గోదావరిఖని నుంచి విమానాశ్రయం దాకా వచ్చేసరికి ఆమెకి నిద్రే లేదు.

"నేనొక్క కునుకు తీస్త బిడ్డా. తమ్మున్ని చూస్కో," అంది.

"నువ్వు పండుకో అమ్మా. నేనున్న గదా!"

కాసేపు అంతా బాగానే ఉంది. సహస్ర మెడ సాచి కిటికీలోంచి మబ్బుల్ని చూసింది. ఉడికిన అన్నం కుప్ప పోసినట్టున్నాయి. అంతలో టింగ్‌మని చప్పుడైంది. తల పైన బెల్టు గుర్తు లైటు వెలిగింది. ముందు గాలి బాగా లేదు, అందరూ బెల్టులు పెట్టుకుని కూర్చోవాలి అని మైకులో చెప్పారు.

ఆ చప్పుడుకి రుత్విక్ లేచాడు. లేస్తూనే బెల్టు గుంజాడు. అది రాలేదు. ఇక చూడండి వాడి రాగం!

"అక్కా! తియ్యి! ఎత్తుకో!"

"ష్! అమ్మ పండుకుంది రా. ఇగో బిస్కెట్."

బిస్కెట్ విసిరేశాడు. ఏడ్చి ఏడ్చి మొహం ఎర్రబడింది. అయినా అలసిపోయిన అమ్మకి మెలకువ రాలేదు. ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. సహస్ర గుండె తరుక్కుపోయింది. బెల్టు తియ్యకూడదు. తియ్యకపోతే తమ్ముడు ఊరుకోడు. ఎట్లా?

అప్పుడామెకి తన చున్నీ గుర్తొచ్చింది.

బాపు బండి మీద రామగిరిలో అమ్మమ్మ దగ్గరికి పోయేటప్పుడు ఎప్పుడూ చేసే పనే అది. బాపు వెనక సహస్ర, ఆమె ఒళ్లో తమ్ముడు, చివర అమ్మ. అమ్మ ఒక చున్నీని అక్కాతమ్ముళ్లిద్దరి చుట్టూ రెండు చుట్లు తిప్పి ముడి వేస్తుంది. బొగ్గు లారీలు తిరిగే గుంతల రోడ్డు మీద కూడా వాడు ఒక్కసారీ జారలేదు. వాళ్ల కాలనీలో చిన్నపిల్లలున్న చాలామంది ఇట్లాగే పోతారు. బండి మీద జారనివాడు ఇక్కడెందుకు జారతాడు?

సహస్ర తమ్ముడి బెల్టు తీసేసింది. వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని చున్నీని ఇద్దరి చుట్టూ తిప్పింది. గట్టిగా ముడి వేసింది. పండక్కి కొన్న కొత్త చున్నీ, పట్టులా నున్నగా ఉంది.

రుత్విక్ ఏడుపు ఠక్కున ఆగిపోయింది. అక్క గొలుసు పట్టుకుని ఆడుకోసాగాడు. సహస్రకి తన తెలివి మీద తనకే ముచ్చటేసింది.

"బేటా, గిదేంది?" నడవ అవతల నుంచి నుస్రత్ చాచి అడిగింది. "బాబుకి బెల్టు తీసినవా?"

"చున్నీతో కట్టిన చాచీ. ఊడది."

"లైటు ఎలిగింది బేటా. జల్ది సీట్ల కూసోబెట్టు. అమ్మను లేపుతవా, నన్ను..."

ఆ మాట పూర్తి కాలేదు.

విమానం ఒక్కసారిగా కిందికి జారింది. సహస్ర బెల్టు ఆమెను సీటుకి పట్టి ఉంచింది. కానీ ఒళ్లో బరువు లేదు! తమ్ముడు పైకి లేచిపోయాడు. నున్నటి చున్నీ వాడి నడుము నుంచి తొడల మీదికి, తొడల నుంచి కాళ్ల మీదికి సర్రున జారింది. సహస్ర వాణ్ని పట్టుకుంది. పట్టుకున్నాననుకుంది. ఆమె చేతిలో వాడి సాక్సు మాత్రమే మిగిలింది.

"అమ్మా!" అని అరిచింది.

రుత్విక్ తల ముందు సీటుకి తగిలింది. వాడు నడవలోకి తలకిందులుగా పడబోయాడు. అంతలోనే రెండు చేతులు వాణ్ని అందుకున్నాయి. నుస్రత్ చాచి! తను బెల్టులోనే ఉండి, ఒళ్లంతా పక్కకి వంచి, ఒక చేత్తో వాడి చొక్కా, ఇంకో చేత్తో కాలు దొరకబుచ్చుకుంది. విమానం మళ్లీ ఎగిరిపడింది. ఆమె మోచేయి సీటు చేతికి ఠపీమని కొట్టుకుంది. గాజులు పగిలాయి. అయినా వదల్లేదు. పిల్లాణ్ని గుండెకి హత్తుకుని, తల మీద చెయ్యి అడ్డం పెట్టి, "యా అల్లా, యా అల్లా" అంటూ ఉండిపోయింది.

కాసేపటికి కుదుపులు తగ్గాయి.

అప్పటికి అమ్మ లేచి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. దీప పరుగున వచ్చింది. రుత్విక్‌ని నుస్రత్ చాచి దగ్గర్నుంచి తీసుకుని, సీటులో కూర్చోబెట్టి బెల్టు బిగించింది. వాడి నుదుటి మీద రేగుపండంత బొడిపె లేచింది. ఏడుస్తున్నాడు. కానీ కళ్లు తిప్పుతున్నాడు, చేతులాడిస్తున్నాడు, అమ్మను పిలుస్తున్నాడు. దీప గుడ్డలో మంచు ముక్కలు చుట్టి తెచ్చి బొడిపె మీద అద్దింది.

"దెబ్బ పైపైనే తగిలినట్టుంది. అయినా దిగగానే డాక్టరుకి చూపించండి. బెల్టు ఎలా ఊడింది?"

"నేనే సరిగ పెట్టలేదో ఏమో మేడం," అమ్మ ఏడుస్తోంది. "నిద్రల పడి చూస్కోలేదు. నాదే తప్పు."

సహస్ర అమ్మ వైపు చూసింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చున్నీ కూడా జారి కాళ్ల కింద పడి ఉంది. చూసింది నుస్రత్ చాచి ఒక్కతే. ఆమె చెప్పేలా లేదు. మోచెయ్యి పట్టుకుని సహస్ర వైపే చూస్తోంది.

"అమ్మ కాదు," అంది సహస్ర. "నేనే తీసిన. ఏడుస్తుంటే... చున్నీతో కట్టుకున్న. బండి మీద కట్టుకున్నట్టు."

తిడతారనుకుంది. దీప తిట్టలేదు. చున్నీ తీసి మడత పెట్టి ఆమె చేతికిచ్చింది.

"నువ్వు గట్టిగానే పట్టుకున్నావు కదా?"

సహస్ర తలూపింది.

"పెద్దవాళ్లం మేం పట్టుకున్నా ఆగేవాడు కాదమ్మా. విమానం అలా జారినప్పుడు ఎవరి చేతులూ చాలవు. చున్నీ వాణ్ని నీకు కట్టింది. బెల్టయితే వాణ్ని సీటుకి పట్టి ఉంచుతుంది."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "గట్ల కట్టుడు నేనే నేర్పిన గదా," అంది మెల్లగా. కూతురి తల దగ్గరికి లాక్కుంది. "బండి మీద గూడ నాకు గిదే ధైర్యముండె. ఇన్నొద్దులు ఏం గాలేదని."

లైటు ఆరాక బాపు వచ్చాడు. బొగ్గుబాయిలో పైకప్పు ఉరిమినా బెదరడని పేరున్న మనిషి. అలాంటివాడు కొడుకు నుదురు మళ్లీ మళ్లీ తడిమి చూశాడు. తర్వాత నడవలోనే నిలబడి నుస్రత్ చాచికి రెండు చేతులూ జోడించాడు.

"ఊకో అన్నా," అంది చాచి. "నా ఒళ్ల ఆడిన పిల్లడు. పడుతుంటే చూసుకుంట కూసుంటనా?"

ఆమె మోచేయి నల్లగా కమిలిపోయింది. గాజు ముక్క గుచ్చుకుని మణికట్టు దగ్గర నెత్తురు వచ్చింది. దీప అక్కడ పట్టీ వేసింది. ఆ పట్టీ చూసినప్పుడల్లా సహస్ర కళ్లు నిండుతున్నాయి. ఆ చేతులు లేకపోతే? ఆ పైన ఆలోచించలేకపోయింది.

ఢిల్లీ దగ్గరపడింది. మళ్లీ టింగ్‌మంది. లైటు వెలిగింది. విమానం దిగడం మొదలుపెట్టింది.

రుత్విక్ మళ్లీ అందుకున్నాడు. ఈసారి బొడిపె నొప్పి, చెవుల నొప్పి, బెల్టు మీద కోపం, అన్నీ కలిశాయి.

"అక్కా! తియ్యి!"

"తియ్య తమ్మీ."

వాడు నమ్మలేనట్టు చూశాడు. అక్క వాడికి కాదని చెప్పడం అదే మొదటిసారి. మరింత గట్టిగా ఏడ్చాడు. కాళ్లతో తన్నాడు. సహస్ర చెయ్యి పట్టుకుంటే కొరికాడు.

"పాపం, అంతగా ఏడుస్తున్నాడు. కాసేపు ఎత్తుకోరాదూ?" ముందు సీటాయన వెనక్కి తిరిగి అన్నాడు.

అమ్మ మనసు కరిగింది. బొడిపె ఉన్న పిల్లాడు వెక్కిళ్లు పెడుతుంటే ఏ అమ్మ ఉండగలదు? ఆమె చెయ్యి బెల్టు కొక్కెం మీదికి వెళ్లింది. సహస్ర ఆ చేతి మీద తన చెయ్యి పెట్టింది.

"వద్దమ్మా. ఏడ్వనీ."

ఆ మాట అంటుంటే ఆమెకే ఏడుపొచ్చింది. ఆపుకుని తమ్ముడి వైపు వంగింది. వాడి అరచేతిలో వేలితో ఉత్తుత్తి కాకమ్మ బువ్వ కలిపింది. గోరుముద్దలు పెట్టింది. వాడు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అక్క కటీఫ్!" అన్నాడు. బాణంలా గుచ్చుకుంది ఆ మాట. అయినా కొక్కెం మీద చెయ్యి తియ్యలేదు.

చక్రాలు ధడాలున నేలను తాకాయి. రుత్విక్ ముందుకి తూలాడు. బెల్టు వాణ్ని ఆపింది.

విమానం ఇంకా మెల్లగా పోతూనే ఉంది. జనం అప్పుడే లేచి పైన సంచులు తీస్తున్నారు. అబ్బో, ఏం తొందర! వెనక బాపు, ఇస్హాక్ కాక మాత్రం లేవలేదు. సహస్ర లైటు వైపే చూస్తూ కూర్చుంది. విమానం ఆగింది. టింగ్. లైటు ఆరింది.

అప్పుడు కొక్కెం తీసింది.

కటీఫ్ చెప్పినవాడు అమ్మ దగ్గరికి పోతాడనుకుంది. రుత్విక్ పోలేదు. ఎగిరి అక్క మెడను చుట్టేశాడు. ముక్కు, కన్నీళ్లు అన్నీ ఆమె భుజానికి తుడిచేశాడు. సహస్ర వాణ్ని గట్టిగా పట్టుకుని నడవ దాటి నుస్రత్ చాచి ముందు నిలబడింది. పట్టీ లేని చేతిని తీసుకుని తన చెంపకి ఆనించుకుంది. ఇప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"అరె, గిప్పుడెందుకు ఏడుస్తున్నవ్ బేటా?" చాచి ఆమె కళ్లు తుడిచింది. "తమ్ముడు మంచిగున్నడు గదా!"

"అందుకే చాచీ," అంది సహస్ర.