ఎడమ రికాబు

ముసలాయన తలుపు తట్టలేదు. తెరిచే ఉందని లోపలికి వచ్చి బల్ల చివర కూర్చున్నాడు. తోలుపని చేసేవాడని వేళ్ళే చెబుతున్నాయి. మైనం పట్టి నల్లబడ్డాయి, చూపుడువేలి మీద దారం కోసిన గాడి ఉంది.

"చెప్పండి పెద్దాయనా," అన్నాడు డిటెక్టివ్.

"మా తమ్ముడు పోయి పదిరోజులైంది."

నిన్న వాన పడిందన్నట్టు చెప్పాడు ఆ మాట. డిటెక్టివ్‌కు సాయంగా ఉండే రిటైరైన టీచరమ్మ రాయడం ఆపి ఆయన ముఖం చూసింది. ఏడుపు లేదు. కోపం లేదు. దీపం తీసేసిన గదిలా ఉంది.

"స్వారీ నేర్పేవాడు. గుర్రం మీంచి పడ్డాడు. జీనును గుర్రం పొట్టకు బిగించే పట్టీ తెగిందన్నారు. ఆ పట్టీ కుట్టింది నేనే."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"నా కుట్టు తెగిందో లేదో చెప్పండి. తెగితే తెగిందనే చెప్పండి. నలభై ఏళ్ళు కుట్టిన చెయ్యి ఇది. ఇప్పుడు సూది పట్టుకుంటే ఎవరిదో చెయ్యిలా ఉంది."

ముగ్గురూ స్వారీ బడికి వెళ్ళారు. యజమాని పొట్టి మనిషి, నోరు మాత్రం పొడుగు.

"గుర్రాల సంగతి నన్నడక్కండి సార్. ముందు తల, వెనక తోక. నా చదువు అంతే."

"ఆరోజు చూసింది చెప్పండి చాలు."

"ఆఫీసు కిటికీలోంచి చూశాను. ఎడమకాలు రికాబులో, అదే జీనుకు వేలాడే కాలి కడియంలో, ఇరుక్కుపోయింది. గుర్రం ఆ చివర నుంచి ఈ చివరకి ఈడ్చుకొచ్చింది. మనిషేమో మట్టిలో, జీనేమో వీపు మీద చెక్కు చెదరకుండా. నేను పరుగెత్తేసరికి వీళ్ళ అల్లుడు గుర్రాన్ని ఆపి కాలు విడిపించేశాడు. నేను మనిషి పక్కన కూలబడ్డాను. అతను గుర్రాన్ని లాయంలోకి తీసుకుపోయాడు. కాసేపటికి తెగిన పట్టీ పట్టుకొచ్చి చూపించాడు."

ఆ అల్లుడు ముసలాయన కూతురి మొగుడే. గుర్రాలకు జీనులు కట్టడం, విప్పడం అతని పని. ఇప్పుడు జీనూ, రెండు ముక్కలైన పట్టీ, చనిపోయినాయన బూట్లూ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"తిన్నారా మామయ్యా?" అన్నాడు నేల చూస్తూ.

"తిన్నాలే."

డిటెక్టివ్ పట్టీని తాకలేదు. "దీన్ని మీరెప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశారా?" అని ముసలాయన్ని అడిగాడు.

"లేదు. దూరం నుంచి చూశాను. చాలనిపించింది."

"సరే. రికాబు ఎంత వెడల్పుండాలి?"

పని మాట వినబడగానే ముసలాయన నడుం కొంచెం నిటారైంది. "బూటుకి అటొక వేలు, ఇటొక వేలు ఖాళీ ఉండాలి. పడితే కాలు జారి వచ్చెయ్యాలి. ఇరుకైతే పట్టేస్తుంది. మరీ వెడల్పైతే కాలంతా దూరిపోతుంది."

"పొడుగు?"

"రికాబు వేలాడే పట్టీ మొదట్లో వేళ్ళు ఆనించి చెయ్యి చాపితే రికాబు చంకలోకి రావాలి. మా వాడిది ఎనిమిదో బెజ్జం."

"అబ్బ, చొక్కా కొలతలా ఉందే!" అంది టీచరమ్మ.

"గుర్రాన్ని పొడవడానికి బూటు మడమకు ముళ్ళు తొడిగేవాడా?" అన్నాడు డిటెక్టివ్.

"మొద్దువి తొడిగేవాడు. గుచ్చితే గానీ గుర్రం కదలకపోతే, తప్పు పైన కూర్చున్నవాడిదే అనేవాడు."

డిటెక్టివ్ నల్లటి ఎడమ బూటు తిప్పి చూశాడు. పాదానికి రెండు పక్కలా తోలు లేచిపోయింది. పక్క గదిలో పిల్లల జీనులు కొక్కేలకు వరసగా వేలాడుతున్నాయి. ఆ వరస వెంట ఒక్కో రికాబు లోపల వేలు పెట్టి రాస్తూ నడిచాడు. మూడోదాని దగ్గర ఆగి, వేలు చూసుకుని రుమాలుతో తుడుచుకున్నాడు.

తిరిగొచ్చి అందరినీ కూర్చోమన్నాడు. అల్లుడు కూర్చోలేదు.

"పొట్టపట్టీ తెగితే జీను కూడా మనిషితో పాటే కింద పడాలి," అన్నాడు డిటెక్టివ్. "యజమానిగారు చూసినప్పుడు జీను వీపు మీదే ఉంది. అంటే పట్టీ అప్పటికి బాగానే ఉంది. పెద్దాయనా, ఇప్పుడు చేతిలోకి తీసుకోండి."

ముసలాయన పట్టీ అందుకుని దారాల చివర్లు బొటనవేలితో తడిమాడు. చాలాసేపు తడిమాడు.

"తెగిన దారం పీచు లేస్తుంది," అన్నాడు. "ఇది లేవలేదు. కోశారు."

టీచరమ్మ చప్పట్లు కొట్టబోయి రెండు చేతులూ దగ్గరకు తెచ్చి, ఆయన ముఖం చూసి దించేసుకుంది.

"ఈ బూటు ఇరుకు రికాబులో పట్టేసింది," అన్నాడు డిటెక్టివ్. "ఇప్పుడున్న ఎడమ రికాబులో దీనితో పాటు నా వేళ్ళు రెండు పడుతున్నాయి. పైగా కుడి రికాబు పట్టీ ఎనిమిదో బెజ్జంలో ఉంది, ఎడమది మూడోదాంట్లో. ఆయనకేమైనా ఒక కాలు పొట్టా?"

"రెండూ తాటిచెట్లే సార్!" అన్నాడు యజమాని.

"అయితే ఎడమది ఇంకో జీను నుంచి తెచ్చి హడావిడిగా తగిలించినదే. అసలు ఆరోజు ఉన్నది పిల్లల రికాబు. అది మళ్ళీ దాని కొక్కేనికి వెళ్ళిపోయింది. లోపలి అంచుల్లో నల్ల పాలిష్ మిగిలింది. ఇక్కడి పిల్లలవి అన్నీ గోధుమరంగు బూట్లు. ఇవన్నీ మార్చేంతసేపు లాయంలో గుర్రంతో ఒంటరిగా ఉన్నది ఒక్కరే."

ముసలాయన తలెత్తలేదు. ఎత్తే అవసరం లేకపోయింది. ఇన్నాళ్ళూ తన కుట్టు తప్ప ఇంకేదీ చూడలేదు, చూసుంటే ఆ బెజ్జాలు తనకే కనబడేవి.

"ముందురోజు పెద్ద రికాబు పగిలింది మామయ్యా," అన్నాడు అల్లుడు. "మీ దగ్గర్నుంచి వేరేది తెమ్మన్నాడు చిన్నమామయ్య. మర్చిపోయాను. పొద్దున పిల్లలది తగిలించా. 'ఇరుగ్గా ఉందిరా, సరే, ఒక్క చుట్టేగా' అని ఎక్కాడు."

"మరి నా పట్టీ ఎందుకు కోశావు?"

"భయమేసింది. మీరు పెద్దవారు. మిమ్మల్నెవరూ ఏమీ అనరు, పాతబడిందని ఊరుకుంటారు అనుకున్నా."

"నిజమే అల్లుడూ," అన్నాడు ముసలాయన. "ఎవరూ ఏమీ అనలేదు."

డిటెక్టివ్ బూటు బల్ల మీద పెట్టాడు. "స్టేషన్లో చెప్పక తప్పదు పెద్దాయనా. సాయంత్రం దాకా ఆగగలను."

"ఆగండి. అమ్మాయికి నేను చెప్పాలి."

ముసలాయన వెళ్ళేసరికి కూతురు తన ఇంటి పెరట్లో బట్టలు ఆరేస్తోంది. తండ్రిని చూసి తడి చొక్కా భుజాన వేసుకుని ఎదురొచ్చింది. అది అల్లుడి చొక్కా.

"తేలిందా నాన్నా?"

"తేలింది."

"నీ కుట్టేనా?"

"కాదు."

ఆమె ఆయన రెండు చేతులూ పట్టేసుకుంది. ఏడ్చింది, నవ్వింది. "నేను చెప్పలా! మా నాన్న కుట్టు తెగదని రోజూ మొత్తుకుంటూనే ఉన్నా. ఈయన ఉలకడు, పలకడు! రానీ ఇంటికి, చెప్తాను ఈయన సంగతి!"

"కూర్చో అమ్మా."

"కూర్చుంటాలే, ముందు నీకు మంచినీళ్ళు తెస్తా..."

"కూర్చో," అన్నాడు ముసలాయన మళ్ళీ.