తవుడు గోడౌన్‌లో రెబెల్ ఫోర్ట్

మా బ్యాండ్ పేరు రెబెల్ ఫోర్ట్. ఉదయగిరి కొండెక్కి, పాడుబడ్డ కోటగోడ ముందు నల్ల టీ షర్టుల్లో నిలబడి, ఎవరో మా ఆస్తులు కాజేసినట్టు మొహాలు పెట్టి ఫొటో దిగాం. అది మే నెల. కిందికి దిగేసరికి ముగ్గురికీ వడదెబ్బ తగిలింది. వ్యవస్థ మీద అప్పటికి మేం చేసిన తిరుగుబాటు అదొక్కటే.

గిటారు పట్టుకుని పాడేది నేను, శ్రీకృష్ణ. డ్రమ్స్ మాల్యాద్రి. ఉదయగిరిలో వాళ్ళింట్లో చెక్క గరిటెలు చెక్కుతారు కాబట్టి డ్రమ్ముపుల్లలు కూడా వాడే చెక్కుకున్నాడు. బేస్ గిటారు, మైకు, లాప్‌టాప్ డేవిడ్‌రాజువి. మొదటి పాట పేరు ‘సంకెళ్ళు’. సొంతంగా మేమే రికార్డు చేసుకోవాలని పట్టుబట్టాం. మా నాయన కొండలయ్య మాత్రం నేను ఆత్మకూరులో గ్రూప్స్ కోచింగ్‌కి పోతున్నాననుకుని పల్లెలో నిశ్చింతగా గొర్రెలు మేపుకుంటున్నాడు.

డేవిడ్‌రాజు గదిలో పాడితే గొంతు బావిలోంచి వచ్చినట్టు మోగింది. బస్తాల మధ్యయితే మోగదని వాడే అన్నాడు. అలా ఆత్మకూరు బజారులో మల్లికార్జునం గారి దాణా అంగడికి పోయాం. ఆయన కంటి ఆపరేషనై ఇంట్లో ఉన్నాడు. గల్లా దగ్గర ఆయన కూతురు చైత్ర కూర్చునుంది.

గోడౌన్‌లో పాడుకుంటామని అడిగాను. ముగ్గురినీ పైనుంచి కిందికి చూసింది.

“పాడుకోండి. బస్తాలకేం ఇబ్బంది లేదు. గిరాకీ వస్తే మాత్రం ఆపాల. ఆపి బస్తాలు మొయ్యాల.”

లోపల తవుడు బస్తాలు పైకప్పు దాకా ఉన్నాయి. మధ్యలో మైకు పెడితే మా ఊపిరి మాకే వినిపించింది. ఇంత గొప్ప స్టూడియో నెల్లూరులో కూడా ఉండదని డేవిడ్‌రాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాలుగు రోజుల్లో సగం పాట రికార్డు చేశాం, అరవై బస్తాలు మోశాం.

చిక్కేమిటంటే, బస్తా అమ్ముడైనప్పుడల్లా మా చుట్టూ ఉన్న బస్తాల గోడకు కంత పడేది, నా గొంతు మారిపోయేది. మొదటిరోజు పాడిన చరణానికీ మూడోరోజు పాడినదానికీ పొంతన కుదరలేదు. డేవిడ్‌రాజు జుట్టు పీక్కుంటుంటే చైత్ర తలుపు దగ్గర నిలబడి విన్నది.

“ఎడం పక్క నాలుగు బస్తాలు పోయినాయి గదా, అందుకే గొంతు చెదురుతా ఉండాది. కుడి పక్కయి ఇట్ట జరపండి.”

జరిపాం. గొంతు కుదిరింది. ఆ నిమిషంలోనే నేను ఆ పిల్లని ప్రేమించేశాను, ఇందులో దాచడానికేం లేదు. ఆ తర్వాత కోపంగా పాడాల్సిన పాటంతా ఆమె వైపే చూస్తూ పాడాను. ఆమె తవుడులో పురుగుందేమో చూసుకుంటూ ఉండేది.

ఒకరోజు తనే పలకరించింది. “సంకెళ్ళు సంకెళ్ళని అట్ట అరస్తా ఉండావే, నిన్నెవరు కట్టేసినారు?”

ఆలోచించాను. మా ఇంట్లో కట్టేసేది మేకపిల్లల్నే. నాకైతే మా అమ్మ ఇప్పటికీ బస్సులో ఊరగాయ పంపిస్తుంది. అది సమాజం గురించి రాసిన పాటని గంభీరంగా చెప్పాను.

“సమాజం అన్నం తిని పడుకోనుండాది. కొంచెం మెల్లిగా అరువు,” అని వెళ్ళిపోయింది.

ఆమె మనసులో నేనున్నానో లేదో తెలిసే దారే లేదు. మాల్యాద్రి అయితే ఆశ వదులుకోమన్నాడు. వాడి లెక్కలో అంగడి పిల్లకు గిరాకీ తర్వాతే ఎవరైనా. నిజమే, రెండు కిలోల తవుడు కోసం వచ్చిన ఒక అవ్వ కోసం చక్కగా సాగుతున్న మా రికార్డింగ్ టేకును మధ్యలోనే ఆపించిన మనిషి ఆమె.

ఐదోరోజు సాయంత్రం బస్సుకి మాల్యాద్రి బెంగళూరు పోవాలి, కొరియర్ ఆఫీసులో ఉద్యోగం. మళ్ళీ ఎప్పుడొస్తాడో తెలియదు. గోడౌన్‌లో ఇరవై బస్తాలే మిగిలాయి. అవీ పోతే గోడే లేదు, పాటా లేదు. అందుకని పాటంతా ఒకే టేకులో కొట్టేద్దామని మధ్యాహ్నం మూడింటికి మొదలెట్టాం. నాలుగు నిమిషాలు ఎవరూ ఆపలేదు. మాల్యాద్రి పుల్లలు విరిగేలా వాయించాడు, నేను గొంతు చించుకున్నాను. మా అదృష్టం కొద్దీ గిరాకీ రాలేదనుకున్నాం.

తర్వాత రికార్డయింది వేసుకుని విన్నాం. గిటారు మోత ఆగాక, చివరి నిశ్శబ్దంలో, బయటినుంచి ఒక మగగొంతు సన్నగా వినిపించింది.

“అమ్మాయ్, తవుడు ఆరు బస్తాలు గావాల.”

“లేదు పెద్దాయనా. స్టాక్ అయిపోయింది.”

“వాసన వస్తా ఉండాదే?”

“వాసనే మిగిలింది.”

మేం ముగ్గురం చుట్టూ ఉన్న ఇరవై బస్తాల వైపు చూశాం. మాల్యాద్రి పుల్లలు కింద పెట్టాడు. “రేయ్, ఆ పిల్ల లేదనిందిరా,” అన్నాడు.

నేను ఒక్క ఉదుటున లేచాను, రెండు కారణాలకి. ఒకటి సంతోషం. రెండోది, ఆ మగగొంతు మా నాయనది.

బయటికి పరిగెత్తాను. నాయన బల్లమీద కూర్చునున్నాడు. చైత్ర అప్పటికే మెరుస్తున్న తక్కెడను తుడుస్తోంది. తలనిండా తవుడు దుమ్ముతో నిలబడ్డ నన్ను నాయన తీరిగ్గా చూశాడు.

“ఇదేనా కోచింగు?”

“కాదు నాయనా. పాట.”

“ఇన్నాలే. నీ గొంతు గుర్తుపట్టే ఈడ కూచున్నా,” అన్నాడు. కాసేపు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. “ముప్పై ఏళ్ళుగా ఈ అంగట్లో కొంటా ఉండా. ఉండే సరుకు లేదనడం ఇప్పుడే ఇన్నా. నీ పాట సంగతి నాకు తెలీదురా. ఆ పిల్ల మాత్రం లేదంటా లేదంటా నువ్వుండే తలుపుకల్లే చూసింది. పో, నా బస్తాలెయ్యి.”

రెబెల్ ఫోర్ట్ మొత్తం కలిసి ఆరు బస్తాలు ఆటోకెత్తింది.

నాయన వెళ్ళాక చైత్ర నా దగ్గరికొచ్చింది. ముక్కు మీద తవుడు అంటుకునుంది.

“ఆ చివర్న నా మాట తీసెయ్యి. గిరాకీని తిప్పి పంపినానని ఊరంతా తెలుస్తాది.”

“తియ్యను.”

“అబద్ధం గదా అది.”

“మా పాటంతా వెతికినా నిజమైన మాట ఆ అబద్ధమొక్కటే,” అన్నాను.

చైత్ర వెళ్ళి మళ్ళీ తక్కెడ తుడిచింది.

పాట నెట్‌లో పెట్టాం. మూడువందల పన్నెండు మంది చూశారు. కామెంట్లలో సగం మంది తవుడు ఎక్కడ దొరుకుతుందని అడిగారు. కంటికి నల్లద్దాలు పెట్టుకుని మల్లికార్జునం గారు కూడా విన్నారట. మూడుసార్లు, చివరి ముక్క మాత్రమే. తర్వాత పక్కంగడి గుమాస్తాతో కబురు పంపించారు. “మూడు తరాల్లో ఉండే సరుకు లేదన్నోళ్ళు మా ఇంట్లో లేరు. మా పిల్ల ఎవురికోసం అనిందో ఆ అబ్బాయిని ఇంటికి రమ్మను, చూడాల.”

పోయాను. మా అమ్మ ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, గొంతు దాకా గుండీలు పెట్టుకుని, తలకు నూనె రాసుకుని మరీ పోయాను. వెనకాల కొత్త తువ్వాలుతో మా నాయన. తలుపు తీసిన చైత్ర నన్ను పైనుంచి కిందికి చూసి, నవ్వాపుకుంటూ మెల్లిగా అడిగింది.

“ఇప్పుడెవరు కట్టేసినారు నిన్ను?”

“నువ్వే,” అన్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. “చెప్పులు ఈడ ఇడిచి రా,” అంది. “మా నాయన లోపల మళ్ళీ ఆ చివరి ముక్కే ఇంటా ఉండాడు.”