రంగేసిన కిటికీ

“వార్విక్‌షైర్ జిల్లా అంతా గాలించు, నాలాంటి గుండెగల మగాడు ఇంకొకడు దొరకడు!” అన్నాడు జేబెజ్ టాండీ, లాంతరు వెలిగిస్తూ. అంతలో అగ్గిపుల్ల వేలు కాల్చింది. కెవ్వుమన్నాడు. “అగ్గిపుల్లల సంగతి వేరులే,” అని వేలు నోట్లో పెట్టుకున్నాడు.

హెస్టర్‌కి ఎనిమిదో నెల. నవ్వితే నడుం పట్టేస్తుంది. అయినా నవ్వింది. “ఇంత మొనగాడినా నేను కట్టుకున్నది!”

డిసెంబరు. నాలుగైనా కాలేదు, అప్పుడే చీకటి కమ్ముకొస్తోంది. ఇటుకలు పరిచిన వాకిట్లో సన్నటి జల్లు. హెస్టర్ చేతిలో డచెస్ పగ్గం ఉంది. మూడు రోజులుగా ఆ ఆడగుర్రం గుర్రపుశాల గడప తొక్కనంటోంది. పొద్దున యజమాని క్రూడ్సన్ దొర తేల్చి చెప్పేశాడు. “చీకటి పడేసరికి గుర్రం లోపలుండాలి. లేదా రేపు మీరు బయటుంటారు.” జేబెజ్ దొరగారి బండి తోలతాడు. శాల మీదున్న రెండు గదులే వాళ్ళ ఇల్లు.

దొరకి ఉన్నది ఒక్క గుర్రం, సోకులు మాత్రం డ్యూకుగారివి. విల్లాకి రెండు రంగుల ఇటుకలు, చర్చికున్నట్టు మొనదేలిన కిటికీలు, ఎవరూ ఎక్కని బురుజు. ఇంటి ముఖానికి ఐదు కిటికీలున్నాయి కాబట్టి ఎదురుగా ఉన్న శాలకీ ఐదుండాల్సిందే అన్నాడు. లోపల గుర్రాలు నిలబడే అరలు నాలుగే. ఐదో చోట పొగగొట్టం కోసం కట్టిన మందపాటి గోడ. దొర తగ్గుతాడా? గోడమీదే కిటికీ వేయించాడు. నల్లటి అద్దాలు, తెల్లటి చట్రం, అన్నీ రంగే. ఆ రంగు ఆరిన రోజునుంచే డచెస్ మొరాయించడం మొదలెట్టింది.

“దీన్ని గట్టిగా పట్టుకో. లోపలున్నది ఏదైనా సరే, చెవి మెలిపెట్టి వస్తా.”

“దానికి చెవులున్నాయని ఎవరు చెప్పారు నీకు?”

“లేకపోతే కుట్టి మరీ మెలిపెడతా.”

జేబెజ్ వెనక తలుపు మూసుకుంది. వాకిట్లో వాన చప్పుడొక్కటే మిగిలింది.

మొదటి కిటికీలో లాంతరు వెలుగు కనబడింది. తర్వాత రెండోదాంట్లో. మూడోదాంట్లో. నాలుగో కిటికీ దగ్గర ఆగింది.

ఆరిపోయింది.

డచెస్ చెవులు వెనక్కి వాల్చింది. ఎక్కడినుంచో ఒక వాసన వచ్చింది. తడిసిన వెంట్రుకలు, మాగిన గడ్డి, చాలా దూరం పరిగెత్తి వచ్చిన గుర్రపు చెమట. డచెస్ మూడు రోజులుగా అడుగైనా పరిగెత్తలేదు.

ఐదో కిటికీ వెలిగింది.

అది రంగు... ఒట్టి రంగు. దాని వెనక ఇటుకలు. అయినా ఆ నల్లటి అద్దాల వెనక పచ్చటి వెలుతురు మెల్లగా ఊగుతోంది. టక్... ఇటుక మీద గిట్ట చప్పుడు. టక్... గోడ లోపలినుంచి. అద్దం మీద ఊపిరి తగిలినట్టు మసక పరుచుకుంది. మనిషి ఊపిరి అంత మేర పట్టదు.

“జేబెజ్...” పిలుపు గుసగుసలాగే వచ్చింది.

జవాబు మాత్రం శాల కప్పు అదిరేలా వచ్చింది.

“గుర్రానివో, గుర్రం తోలినవాడివో, ఎవరైతే నాకేంటి! నీకు చోటు కావాలా? ఎదురుగా బురుజు ఖాళీగా ఉంది, పో! ఈ కొట్టం నాది. ఇక్కడ పేడెత్తేది నేను. పైన పుట్టబోయే బిడ్డ నాది. నిండు చూలాలిని వానలో నిలబెట్టావు, సిగ్గులేదూ? తన్నుకో, తెల్లారేదాకా తన్నుకో! నేను పోను!”

ఆ మాటలకి హెస్టర్ భయం కాస్తా కోపమైపోయింది. పగ్గాన్ని మణికట్టుకి చుట్టుకుని, రెండో అరచేత్తో ఆ కిటికీని ఫట్‌మని చరిచింది.

“నేనూ పోను!”

చేతికింద ఇటుక వెచ్చగా ఉంది... గుర్రం మెడలాగా. చిన్నగా వణికింది. వెలుతురు ఆరిపోయింది.

జేబెజ్ తలుపు తీసుకుని బయటికొచ్చాడు. ముఖం సున్నం కొట్టినట్టుంది. డచెస్ మాత్రం ఎవరూ లాగకుండానే తల వంచుకుని లోపలికి నడిచింది.

కాసేపటికి దొర గొడుగేసుకొచ్చి, గుర్రాన్ని చూసి వెళ్ళిపోయాడు. ఆయన వీపు కనుమరుగయ్యాక జేబెజ్ టోపీ తీసి వంగి, “ఇంకా మూడు అరలు ఖాళీ, దొరగారూ! మీ అత్తగారిని కూడా పంపండి,” అన్నాడు మెల్లగా.

పై గదిలో టీ పోస్తూ హెస్టర్ అడిగింది.

“నాకైతే డచెస్ తోడుంది. ఒక్క క్షణం పగ్గం వదల్లేదు. నువ్వు ఒంటరిగా, ఆ చీకట్లో అన్ని తిట్లు ఎలా తిట్టావయ్యా?”

జేబెజ్ చెవులు ఎర్రబడ్డాయి.

“నవ్వకూడదు మరి.”

“నవ్వను, చెప్పు.”

“లాంతరు ఆరగానే కాళ్ళు చచ్చుబడ్డాయి. ఇంకేం చెయ్యను... తిట్టినంతసేపూ గుర్రం తోక పట్టుకునే నిలబడ్డా.”